మూత తీసి పట్టుకున్న ఇరవై నిమిషాలు

మా చెల్లెలు పోగొట్టుకున్నవాటిలో నేను లెక్కపెట్టగలిగినవి ఇవి. మాటలు నూట ఐదు. అంతకుముందు ఆమెకు నూట నలభై మూడు మాటలు వచ్చేవి, ఇప్పుడు ముప్పై ఎనిమిది మిగిలాయి. మెట్లు పద్నాలుగు. గోడ పట్టుకుని తనంతట తానే ఎక్కేది, ఇప్పుడు మొదటి మెట్టు దగ్గరే నిలబడి నా భుజం కోసం చూస్తుంది. వేళ్ళ మీద పన్నెండు దాకా లెక్కపెట్టేది, ఇప్పుడు మూడు దగ్గర ఆగి మళ్ళీ ఒకటికి వస్తుంది. బరువు పన్నెండు కిలోలు పోయి ఆరు తిరిగొచ్చింది కాబట్టి పోయినవి ఆరు. గ్లాసు ఒలకకుండా నోటిదాకా తెచ్చుకోవడం పోయింది, దానికి అంకె వేయడం నాకు చేతకాలేదు. నన్ను పిలిచే పిలుపు ఒకటి పోయింది. దాన్ని నూట ఐదులో కలిపే రాశాను. విడిగా వేస్తే ఒక్కదాన్నే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

నూట నలభై మూడు అని ఎలా తెలుసని అడిగినవాళ్ళున్నారు. ఒకసారి డాక్టరు "ఎన్ని మాటలు వస్తయి?" అని అడిగితే "కొన్ని వస్తయి సార్" అన్నాను. బయటికి వచ్చాక ఆ జవాబుకు సిగ్గేసింది. రెండు నెలలు నోట్‌బుక్ జేబులో పెట్టుకుని తిరిగాను. ఆటో అయినా, లారీ అయినా, రైలైనా ఆమెకు "బస్సే", అదొక్కటిగానే రాశాను. అర్థం తెలియకుండా నా వెనక అన్న మాటలు రాయలేదు. అంకె నూట నలభై మూడు దగ్గర నిలిచిపోయాక వారం ఆగి, ఇంకేమీ పెరగలేదని చూసి, కింద గీత కొట్టాను.

నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ స్టోర్‌లో పనిచేస్తాను. పదో తరగతి పాసై అటెండర్‌గా చేరాను. స్టోర్‌లో ఎవరో పారేసిన లాగరిథమ్ టేబుళ్ళ పుస్తకం దొరికితే దాన్ని చూసి నాకు నేనే లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ పిల్లలు కూడా ద్రావణం ఎంత పలచన చేయాలో నన్ను అడిగిపోతారు. స్టోర్‌లో నాకొక పట్టింపు ఉంది. సీసా మీద లేబుల్‌లో ఒకటి, రిజిస్టర్‌లో ఇంకొకటి ఉంటే ఆ సీసా ఇవ్వను. ప్రొఫెసర్ వచ్చి అడిగినా ఇవ్వను. రెండూ సరిపోయాకే బయటికి పోతుంది. ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క తప్పు సీసా పోలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

చెల్లెలికి నాకంటే పన్నెండేళ్ళు తక్కువ. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు, నాలుగో ఏట నుంచి ఫిట్స్. అమ్మ పోయాక నేనూ నా భార్యా చూసుకుంటున్నాం. భార్య అంబర్‌పేట్‌లో ఒక టైలరింగ్ యూనిట్‌లో పనిచేస్తుంది. ఇద్దరం పనికి పోయే వేళ చెల్లెల్ని తార్నాకలో ఒక సెంటర్‌లో దింపుతాం. గల్లీలో రెండంతస్తుల ఇల్లు. పైన పిల్లలకు బడి, కింద పెద్దవాళ్ళకు హాలు. కింద పదిహేడు మంది ఉంటారు. పూసలు గుచ్చుతారు, కాగితం కవర్లు మడుస్తారు, మధ్యాహ్నం తిని పడుకుంటారు. వాళ్ళను చూసుకునేది ఇద్దరు ఆయాలు. నర్సు పదకొండుకు వచ్చి ఒంటిగంటకు ఇంకో సెంటర్‌కు వెళ్ళిపోతుంది.

ఆ ఆయాల్లో ఒకామె మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చేది. నలభై ఏళ్ళుంటాయి, మెడలో చిన్న సిలువ. మా చెల్లెలు అన్నం తినను పొమ్మంటే, "తినకుంటే నీ ముద్ద నేనే తింట, మళ్ల ఏడ్వొద్దు" అని నోరు తెరిచి ముద్ద ముందు పెట్టుకునేది. చెల్లెలు లాక్కుని తినేది. ఆ హాల్లో అందరికంటే చెల్లెలికి దగ్గర ఆమే.

మా చెల్లెలి ఫిట్స్ రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో వాటంతట అవే ఆగిపోయేవి. ఆగకుండా ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి రాసిచ్చాడు డాక్టరు. ఐదు దాటాక గడిచే ప్రతి నిమిషమూ మెదడుకు నష్టమేనని, అందుకే ఆస్పత్రి దాకా ఆగకుండా పక్కనున్నవాళ్ళే కొట్టాలని ఆయన మాట. పక్కనున్నవాళ్ళంటే పగలు ఆయాలే.

చిక్కు అక్కడే ఉంది. పైన బడిలో పిల్లలకైతే అమ్మానాన్నలు ఒక ఉత్తరం రాసిస్తే టీచర్లే స్ప్రే కొడతారు. పద్దెనిమిది నిండి కింది హాల్లోకి రాగానే ఆ ఉత్తరం చెల్లదు. మేజరైన మనిషి కదా, తన వైద్యానికి తనే ఒప్పుకోవాలి. మా చెల్లెలు దేనికి ఒప్పుకుంటుంది? పెన్ను ఇస్తే క్యాప్ తీసి మళ్ళీ పెడుతుంది. నర్సు లేని వేళ వైద్యం చదవని ఆయా మందిస్తే, ఏదన్నా జరిగితే ఎవరిది పూచీ అని సెంటర్ కమిటీ రెండేళ్ళు నాన్చింది. సెంటర్ నడిపే మేడం పట్టుబట్టి చివరికి ఒప్పించింది. ఆయాలకు డాక్టరు నేర్పించాలి. ఒక్కొక్కరికీ డాక్టరు రాసిన కాగితం ఉండాలి. చట్టప్రకారం గార్డియన్‌గా నియమించిన మనిషి సంతకం ఉండాలి. మూడూ ఉన్నవాళ్ళకు ఆయాలు కొట్టవచ్చు.

నేర్పించిన రోజు నేనూ వెళ్ళాను. డాక్టరు నీళ్ళు నింపిన స్ప్రే తెచ్చి, దిండును మనిషిలా పక్కకు ఒరిగించి చూపించాడు. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, పడ్డ క్షణం గడియారం చూడాలి. రెండో ఆయా చెయ్యెత్తింది.

"సార్, గిది మా ఆయనకు కొట్టొచ్చా?"

"ఆయనకూ ఫిట్సు ఉన్నయా అమ్మా?"

"లేవు సార్. తాగొచ్చి లొల్లి పెడ్తడు."

"ఇది కొడితే నిద్రపోతడు అంతే."

"గదే గావాలె సార్, రెండు రాసియ్యుండ్రి."

అందరూ నవ్వారు, డాక్టరు కూడా. మాణికేశ్వర్ నగర్ ఆయా మాత్రం నవ్వుతూనే స్ప్రే చేతిలోకి తీసుకుని మూత తీయడం, పెట్టడం నాలుగైదు సార్లు చేసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఐదంటే పడ్డప్పటి సంది ఐదా, నేను చూసినప్పటి సంది ఐదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. పడ్డప్పటి నుంచే అని చెప్పి, ఒక కాగితం మీద గడులు గీసి ఇచ్చాను. పడిన టైం, ఐదు నిండే టైం, కొట్టిన టైం, ఆగిన టైం. ఆమె దాన్ని మందుల డబ్బా పక్కన గోడకు అతికించింది.

డాక్టరు కాగితం వారంలో తెచ్చాను. స్ప్రేలు రెండు కొని, ఒకటి ఆ డబ్బాలో పెట్టి, ఒకటి నా జేబులో ఉంచుకున్నాను. మిగిలింది గార్డియన్ కాగితం. దానికి దరఖాస్తు పెట్టడానికి కూర్చున్నప్పుడు చెల్లెలి పుట్టిన సంవత్సరం చూశాను. ఆధార్‌లో ఒకటి, వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఇంకొకటి, రేషన్ కార్డులో మూడోది. తప్పు రాసినవాళ్ళది కాదు. అడిగిన ప్రతిచోటా అమ్మ తోచిన వయసు చెప్పింది. నాకు అసలు సంవత్సరం తెలుసు. చెల్లెలు పుట్టినప్పుడు నేను ఆరో తరగతి. మూడూ తప్పే.

మా డిపార్ట్‌మెంట్ క్లర్కు నా స్నేహితుడు. చాయ్ తాగుతూ చెప్పాడు.

"మూడు కాగితాల్ల మూడుంటే ఏమైతది? ముగ్గురూ ఒక్క మనిషే అని అఫిడవిట్ పెట్టు, ఖతం. నేను మా నాయనకు గట్లనే చేసిన."

"తప్పు మీద తప్పు పెట్టి సంతకం చెయ్యమంటవా?"

"నువ్వు సీసాల కాడ లెక్క చూసుకో. గీడ పని కావాలె."

"ఇదీ సీసా లెక్కనే. లేబుల్ సరిగ లేకుంటే నేను ఇయ్య."

"నీతోని కాదు భయ్," అని వాడు నా చాయ్ కూడా తాగేశాడు.

నేను దిద్దించడం మొదలుపెట్టాను. ఆధార్ దిద్దాలంటే పుట్టిన రుజువు కావాలి, రుజువు కోసం ఊరికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆధార్ మారాక సదరం, అది మారాక రేషన్ కార్డు. ఒక్కో మెట్టూ సరిగానే పడుతోందని నాకు తృప్తిగా కూడా ఉండేది. మధ్యలో మేడం రెండుసార్లు ఫోన్ చేసింది. "ఇంకెన్ని రోజులండీ? కాగితం లేకపోతే మా ఆయాలు ముట్టుకోవడానికి లేదు, మీకు తెలుసు కదా." నాకు తెలుసు. రేషన్ కార్డు ఒక్కటే మిగిలిందని చెప్పాను. అప్పటికి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో చెల్లెలికి పదకొండు ఫిట్స్ వచ్చాయి, అన్నీ మూడు నిమిషాల లోపే ఆగాయి. ఆ పదకొండునీ చూసుకుని నేను ధైర్యంగా ఉన్నాను.

పన్నెండోది మధ్యాహ్నం రెండు గంటల ఎనిమిది నిమిషాలకు వచ్చింది. అన్నం తిని చాప పరచుకుంటూ పడిపోయింది. ఆ టైం నాకు తెలియడానికి కారణం ఆయా దాన్ని గడిలో రాయడం. రెండో గడిలో రెండూ పదమూడు అని కూడా ముందే రాసుకుంది. చెల్లెల్ని పక్కకు ఒరిగించి తల ఒళ్ళో పెట్టుకుని, డబ్బాలోంచి స్ప్రే తెప్పించుకుని, మూత తీసింది. రెండూ పదమూడుకు మేడంకు ఫోన్ చేసింది. మేడం ఆఫీసు పని మీద బయట ఉంది.

"కాగితం వచ్చిందా?"

"రాలే మేడం. కొట్టాల్నా?"

"వద్దు. ముట్టొద్దు. వన్ నాట్ ఎయిట్‌కు చెయ్యి, వాళ్ళన్నకు చెయ్యి. నర్సును నేను పంపిస్తా."

నర్సు అంబర్‌పేట్‌లో ఉంది. అంబులెన్సు సిగ్నల్ దగ్గర ఇరుక్కుంది. నాకు ఫోన్ రెండూ పద్నాలుగుకు వచ్చింది. త్రాసు మీద పొట్లం అలాగే వదిలేసి బండి తీశాను. క్యాంపస్‌లో ఆ రోజు ధర్నా, తార్నాక వైపు రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు. బండి అక్కడే పడేసి మాణికేశ్వర్ నగర్ గల్లీల్లోంచి పరుగెత్తాను. యాభై దాటిన మనిషి పరుగు ఎంత ఉంటుందో అంతే ఉంది. జేబులో నా దగ్గరున్న ఇంకో స్ప్రేను పట్టుకునే పరుగెత్తాను. ఎక్కడ చూసినా ఆ వేళకు మనుషులు అరుగుల మీద తీరిగ్గా కూర్చుని ఉన్నారు.

హాల్లోకి వచ్చేసరికి రెండూ ముప్పై మూడు. నేను కొట్టాను. రెండూ ముప్పై ఏడుకు ఆగింది. మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాలు. ఐదో నిమిషంలో పడాల్సిన మందు ఇరవై ఐదో నిమిషంలో పడింది.

చెల్లెలి పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. అంబులెన్సు వచ్చి ఎక్కిస్తుంటే నేను ఆయా వైపు తిరిగాను. ఆమె చేతిలో మూత తీసిన స్ప్రే ఇంకా ఉంది. అది చూశాక నాకు ఒళ్ళు తెలియలేదు.

"చేతిల పెట్టుకొని చూస్తున్నవా? చేతులు లేవా నీకు?"

ఆమె ఏడవలేదు. మిగతా పదహారు మంది చూస్తున్నారు, కొందరు భయపడి అరుస్తున్నారు.

"చేతులున్నయి అన్నా. కాగితమే లేకుండె. ఇరవై నిమిషాలు మూత తీసి పట్టుకున్న. నువ్వు చెప్పినట్టే టైం చూసుకుంట పట్టుకున్న."

అని, మూత పెట్టి, స్ప్రేను డబ్బాలో పెట్టేసి, అరుస్తున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

ఐసీయూలో పదకొండు రోజులు. ఇంటికి వచ్చాక నెలరోజులు నిద్రే. తర్వాత నేను పాత నోట్‌బుక్ తీసి మాటలు ఒక్కొక్కటే అడిగాను. వచ్చినదానికి టిక్కు, రానిదానికి ఏమీ పెట్టలేదు. ఆ ఇరవై నిమిషాల వల్ల ఎన్ని పోయాయి, ఎలాగూ పోయేవి ఎన్ని అని డాక్టర్ని అడిగాను. "అట్లా విడదీసి చెప్పలేం" అన్నాడు. నేను విడదీయడానికి చాలా రోజులు ప్రయత్నించాను. కుదరలేదు.

అఫిడవిట్ పెట్టాను. మూడు కాగితాల్లో ఉన్నదీ ఒక్క మనిషే అని రాసి సంతకం చేశాను. నా స్నేహితుడు పక్కనే ఉండి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. నలభై రోజుల్లో గార్డియన్ కాగితం చేతికి వచ్చింది. రేషన్ కార్డు ఇప్పటికీ తప్పే. దాన్ని ఎవరూ అడగలేదు.

కాగితం ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆయాకు క్షమాపణ చెబుదామని మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆమె వినలేదు. "గవన్నీ ఎందుకన్నా, కాగితం తెచ్చినవా లేదా? మేడంకియ్యి, ముద్ర కొట్టిస్తది" అని చెల్లెల్ని బాత్రూంకు తీసుకుపోయింది. చెల్లెలు ఆమె భుజం మీద తల పెట్టి నడిచింది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం స్టోర్‌లో ఉండగా ఫోన్ మోగింది. ఆయా నంబరు. జేబులో స్ప్రే తడిమి చూసుకుని ఎత్తాను.

"అన్నా, వచ్చింది, అయిపోయింది. ఐదు నిమిషాలకు కొట్టిన, ఏడు నిమిషాలకు ఆగింది. పండుకున్నది. ఉరుక్కుంట రాకు, అన్నం తిని రా."

నేను స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. ఎవరో పిల్ల వచ్చి పిపెట్లు అడిగితే ఎన్ని ఇచ్చానో రాసుకోలేదు. మర్నాడు చెల్లెలి దగ్గర కూర్చుని ముప్పై ఎనిమిది మాటలూ అడిగాను. ముప్పై ఎనిమిదీ ఉన్నాయి. ఒక మనిషి రెండు నిమిషాల్లో చేయగలిగిన పని అది. ఆ పని చేయగలిగిన మనిషి మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

ఆ హాల్లో పదిహేడు మందిలో ఫిట్స్ ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. ఆరుగురికి కాగితాలు పూర్తయ్యాయి. కొన్నింటికి నేనే దరఖాస్తులు రాసిపెట్టాను, తేదీలు కలవకపోయినా. మిగిలిన ముగ్గురిలో కిటికీ పక్కన కూర్చుని కవర్లు మడిచే అతను ఒకడు. ముప్పై ఏళ్ళుంటాయి. అమ్మానాన్న లేరు. వారాసిగూడ నుంచి పెద్దమ్మ బస్సులో తీసుకొస్తుంది. ఆమె దరఖాస్తు పెట్టింది, ఇంకా రాలేదు. మా చెల్లెలి సంగతి జరిగాక కాగితం లేనివాళ్ళ స్ప్రే డబ్బాలో పెట్టనివ్వడం లేదు.

ఈమధ్య వాన కురుస్తున్న ఒక సాయంత్రం చెల్లెల్ని తీసుకురావడానికి కాస్త ముందే వెళ్ళాను. మూడూ యాభై ఒకటికి అతను కుర్చీలోంచి పక్కకు ఒరిగి పడిపోయాడు. ఆయా కవర్లు పక్కకు నెట్టి అతన్ని తిప్పి పట్టుకుంది. రెండో ఆయా వన్ నాట్ ఎయిట్‌కు, మేడంకు, పెద్దమ్మకు వరసగా ఫోన్లు చేసింది. నేను చెప్పులు విడవకుండానే గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు, మూడు, నాలుగు. అతనికి ఆగలేదు.

మూడూ యాభై ఆరుకు ఆయా తలెత్తి నా వైపు చూసింది.

"అన్నా, చెల్లెది ఉన్నది డబ్బాల."

నేను డబ్బా వైపు చూశాను.

"కాగితం లేదని నాకెర్కనే. మందు మీది. నువ్వు ఒక్క మాట అంటే కొడ్త. మీదికొస్తె నా మీదికే రానీ."

నాకు ఆ క్షణంలో ఏవేవి తోచాయో అన్నీ గుర్తున్నాయి. అతని బరువెంతో తెలియదు. అతనికి ఆ మందు పడుతుందో లేదో ఏ డాక్టరూ రాయలేదు. ఊపిరి ఆగితే? ఇంటికి పోయేలోపు చెల్లెలికి వస్తే? జేబులో ఇంకోటి ఉందని కూడా గుర్తుంది. ఆ స్ప్రే మీద మా చెల్లెలి పేరు ఉంది. ఇవన్నీ సరైన ఆలోచనలే. ఇప్పుడు డాక్టర్ని అడిగినా మంచి పనే చేశావంటాడేమో. నేను అడగలేదు.

"టైమెంత?" అన్నాను. గడియారం నా చేతికే ఉంది.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, మళ్ళీ అతని మీదికి వంగింది. "అయిపోతది కొడుకా, అయిపోతది" అంటూ అతని నోటి పక్క నురగ కొంగుతో తుడిచింది. కిటికీ అవతల వాన శబ్దం. మా చెల్లెలు గోడకు ఆనుకుని "బస్సు, బస్సు" అంటోంది, గల్లీలో ఏదో బండి పోతున్నట్టుంది.

నాలుగింటికి దానంతట అదే ఆగింది. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. తడిసి ముద్దయిన పెద్దమ్మ వెనకాలే వచ్చి, అందరికీ దండం పెట్టి, నాకు కూడా పెట్టి ఎక్కింది. అతను రెండో రోజుకే ఇంటికి వచ్చాడట, మళ్ళీ హాలుకు వస్తున్నాడు, కవర్లు మడుస్తున్నాడు. ఆ కవర్లు మునుపటంత సరిగా మడుస్తున్నాడో లేదో నేను చెప్పలేను. అంతకుముందు నేను గమనించలేదు, ఎవరూ రాసి పెట్టలేదు. పెద్దమ్మను అడిగితే "బాగనే ఉన్నడు బిడ్డా, జర నెమ్మదైండు" అంటుంది.

ఆయా నాతో మామూలుగానే మాట్లాడుతుంది. నేనే ఆమె ముఖం చూడకుండా చెల్లెలి సంచి అందుకుంటున్నాను.

మూడూ యాభై ఆరు నుంచి నాలుగు దాకా. నేను అతనికి బాకీ ఉన్నది నాలుగు నిమిషాలు.